కంపాస్, మ్యాప్ లేకుండా పసిఫిక్ దాటించిన మావ్ పియాయ్‌లుగ్ ఎవరు? అది నిజంగా ఎలా కుదిరింది?

మీరు అడిగింది రెండు ముక్కలు. ఒకటి, ఏ పరికరమూ లేకుండా పసిఫిక్‌లో వేల కిలోమీటర్లు పడవ నడిపించిన మావ్ పియాయ్‌లుగ్ అనే మనిషి నిజంగా ఉన్నాడా లేక వాట్సాప్ కథా అని. రెండోది, ఉంటే అది సిక్స్త్ సెన్సా, ఇంకేదైనా ట్రిక్కా అని. ఉన్నాడు. ట్రిక్కు కాదు, సిక్స్త్ సెన్స్ అసలే కాదు. నేను మర్చంట్ నేవీలో డెక్ సైడ్ చాలా ఏళ్ళు చేశా, సెకండ్ మేట్ అంటే ఓడలో దారి గీసే పని వాడిదే, కాబట్టి ఆయన చేసింది ఏంటో నా పని వైపు నించి చెప్తా, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

మైక్రోనేషియా దేశంలో యాప్ రాష్ట్రం కింద సాతావాల్ అని ఒక బుల్లి దీవి ఉంది. మొత్తం నేల సుమారు 1.3 చదరపు కిలోమీటర్లు, జనం ఓ అయిదొందల మంది. భూమధ్యరేఖకి కొంచెం పైన, 7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. మావ్ 1932లో అక్కడ పుట్టాడు. వాళ్ళ తాత రాంగిపి పేరున్న నావికుడు, మనవడు పసివాడిగా ఉన్నప్పుడే వీడికి నేర్పాలని డిసైడ్ అయ్యాడంట, నీళ్ళు ఎటు లాగుతాయో ఒంటికి తెలియాలని పిల్లాణ్ణి ఒడ్డునున్న నీటి గుంటల్లో కూర్చోబెట్టేవాడు అని మావే చెప్పుకున్నాడు. 18 ఏళ్ళకి ప్వో అనే దీక్ష అయింది, అంటే ఇక అతను పెద్ద నావికుడు, పడవలో ఉన్న ప్రాణాలన్నిటికీ పూచీ అతనిదే. వాళ్ళలో నావికవిద్యకి వేర్వేరు పాఠాలు ఉంటాయి, మావ్‌ది వేరియెంగ్ అనే సంప్రదాయం.

ఇక్కడ ఒక విషయం చాలామంది వదిలేస్తారు. ఆ దీవిలో నావికుడంటే సాహసవీరుడు కాదు, తిండి తెచ్చేవాడు. చుట్టూ వందల కిలోమీటర్ల నీళ్ళు, తుఫానొచ్చి సీమపనస చెట్లు, కొబ్బరి చెట్లు పడిపోతే పక్క దీవికెళ్ళి తిండి తెస్తేనే ఊరు బతుకుతుంది. పక్క దీవి అంటే మళ్ళీ నీటికి నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉండే పగడపు దిబ్బే, దాని మీదున్న కొబ్బరి తలలు పది పన్నెండు మైళ్ళ దగ్గరకి వస్తే గానీ కనపడవు. గురి తప్పితే ఇక అంతే సంగతులు. ఈ లెక్క మనసులో పెట్టుకుంటేనే వాళ్ళ పద్ధతి ఎందుకంత కఠినంగా ఉంటుందో అర్థమవుతుంది.

ఇప్పుడు పద్ధతికి వస్తా. ఏ చుక్కైనా మీరున్న చోటు నించి చూస్తే రోజూ నీటి అంచు మీద ఒకే చోట పొడుస్తుంది, ఒకే చోట కుంకుతుంది. రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంది అంతే తేడా. కాబట్టి చుక్క నడినెత్తిన ఉన్నప్పుడు దిక్కుకి పనికిరాదు, నీటి అంచుకి దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం కంపాస్ ముల్లు లాంటిదే. సాతావాల్ వాళ్ళు ఇలాంటి పదిహేను చుక్కల దాకా పొడిచే చోటు, కుంకే చోటు తీసుకుని, దానికి ధ్రువ నక్షత్రం, త్రిశంకు (దక్షిణాన సిలువ ఆకారంలో కనిపించే చుక్కలు, సదరన్ క్రాస్) నిలబడే పొజిషన్లు కలిపి చుట్టూ 32 దిక్కులు చేసుకున్నారు. పిల్లలకి నేర్పేటప్పుడు నేల మీద గుండ్రంగా రాళ్ళు పేర్చి మధ్యలో బుల్లి పడవ పెట్టి ఒక్కో రాయి ఏ చుక్కో అడుగుతారు. తూర్పుకి వాళ్ళు పట్టుకునేది మన శ్రవణం, అది ఆ దీవికి దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తుంది కాబట్టి తూర్పున పొడిచి పడమట కుంకుతుంది. కృత్తికలు, మన ఊళ్ళల్లో పిల్లల కోడి అంటారు చూడండి, అవి కూడా ఆ చక్రంలో ఉన్నాయి.

ఒక చుక్క పైకి లేచిపోయాక అదే చోట ఇంకోటి పొడుస్తుంది, తర్వాత ఇంకోటి. ఫలానా దీవి నించి ఫలానా దీవికి వెళ్ళాలంటే రాత్రంతా వరసగా ఏ చుక్కలు పట్టుకోవాలో కంఠతా వచ్చుండాలి, తిరిగొచ్చే దారికి వేరే వరస. అదీ ఒక దారికి కాదు, తెలిసిన దీవులన్నిటి మధ్యా. రాసుకునేది లేదు. మా ఓడలో ఉండే చార్టులు, ఆల్మనాక్ (చుక్కల లెక్కల పట్టికలు), పైలట్ పుస్తకాలు (తీరాల వివరాలు) అన్నీ ఆ మనిషి తలకాయలోనే ఉన్నాయన్నమాట. దీన్ని సిక్స్త్ సెన్స్ అంటే నాకు కోపమొస్తుంది, చిన్నప్పటి నించి బట్టీపట్టిన మనిషి కష్టాన్ని తీసుకెళ్ళి మహిమ ఖాతాలో వేసినట్టే కదా.

సరే, మబ్బు పట్టింది, పగలు, చుక్కల్లేవు. అప్పుడేంటి? పొద్దున సాయంత్రం సూర్యుడు ఉంటాడు, మిగతా టైమంతా అలలే. గాలికి అప్పటికప్పుడు లేచే అలలు కాదు, ఎక్కడో వేల మైళ్ళ దూరంలో పుట్టి రోజుల తరబడి ఒకే దిక్కు నించి వచ్చే పొడుగాటి స్వెల్. ఒకేసారి రెండు మూడు దిక్కుల నించి వస్తాయి, ఒకదాని మీద ఒకటి పోతూ ఉంటాయి. పొద్దున్నే సూర్యుడు ఉండగానే ఏ స్వెల్ ఎటు నించి వస్తోందో సరిచూసుకుని, ఇక రోజంతా పడవ ఊగే తీరుని బట్టి పట్టుకుంటారు. పడవ అడుగున పడుకుని వెన్నుతో తెలుసుకుంటారు అంటే జనం నవ్వుతారు గానీ, పెద్ద కంటైనర్ షిప్పులో కూడా కేబిన్లో పడుకున్నవాడికి కోర్సు మారితే రోలింగ్ మారడం తెలుస్తుంది, ఆఫ్ వాచ్‌లో నిద్రలేచి బ్రిడ్జికి ఫోన్ చేసి ఏంటి కోర్సు మార్చారా అని అడిగే కెప్టెన్లు ప్రతి కంపెనీలో ఉంటారు. వీళ్ళు దాన్నే ఒక శాస్త్రం స్థాయికి తీసుకెళ్ళారు.

మార్షల్ దీవుల వాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేశారు. స్వెల్ ఒక దీవిని తాకి ఎలా వంగుతుంది, దీవి వెనకాల రెండు వైపుల అలలూ ఎక్కడ కలుస్తాయి అని కొబ్బరి ఈనెలు, పుల్లలు కట్టి, దీవుల చోట గవ్వలు పెట్టి చట్రాలు చేశారు. మ్యూజియంలలో కనిపిస్తాయి. వాటిని పడవలోకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు, ఒడ్డున చదువుకుని బుర్రకెక్కించుకుని వెళ్ళేవాళ్ళు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎటాక్ అనే లెక్క. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే మనం కదలకుండా ఉన్నట్టు, దూరంగా ఉన్న కొండ మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టు ఉంటుంది కదా, అదే. నావికుడు తన పడవ కదలడం లేదనుకుంటాడు. దారికి పక్కగా, ఎక్కడో కంటికి కనపడని దూరంలో ఉన్న మూడో దీవిని తీసుకుంటాడు. బయల్దేరినప్పుడు ఆ దీవి ఫలానా చుక్క కింద ఉంటుంది, ప్రయాణం సాగే కొద్దీ అది వెనక్కి జరిగి పక్క చుక్క కిందికి, ఇంకో చుక్క కిందికి వస్తుంది. ఒక చుక్క నించి ఇంకో చుక్కకి జరిగితే ఒక ఎటాక్ అయిందని లెక్క. మా భాషలో చెప్పాలంటే ఇది డెడ్ రికనింగే, స్పీడు, టైము, దిక్కు కలిపి పొజిషన్ తేల్చడం, కాకపోతే మేం పెన్సిల్‌తో చార్ట్ మీద వేస్తాం, వాళ్ళు కళ్ళ ముందు లేని దీవిని ఊహలో జరుపుతారు. స్పీడు ఎలా అంటే పడవ పక్కన నురగ ఎంత తొందరగా వెనక్కి పోతోందో చూసి.

ఇక చివరి మజిలీ, దీవి దగ్గరకొచ్చినా కనపడని దూరం. దీనికి పిట్టలు. రాత్రి నేల మీద నిద్రపోయి పొద్దున్నే చేపలకి సముద్రం మీదకి పోయి, పొద్దుగూకే వేళకి తిరిగొచ్చే జాతులు కొన్ని ఉన్నాయి, టర్న్, నాడీ అని. సాయంత్రం అవి ఎటు ఎగురుతాయో అటే నేల. అవి ఓ ఇరవై మైళ్ళ దాకా వస్తాయనుకుంటే, బిందువంత దీవి ఒక్కసారిగా నలభై మైళ్ళ వెడల్పు గురి అయిపోయింది. కదలకుండా నిలబడ్డ మబ్బు, లోతు తక్కువ లగూన్ (పగడపు దిబ్బ లోపలి నీటి మడుగు) మీది మబ్బు అడుగున పచ్చటి ఛాయ, ఇవి కూడా చూస్తారు.

ఇప్పుడు మావ్ పేరు ప్రపంచానికి ఎలా తెలిసిందో చెప్పాలి. హవాయి, తాహితి, న్యూజిలాండ్ వైపు దీవులకి (వీటిని కలిపి పాలినీషియా అంటారు) జనం కావాలనే పడవలేసుకుని వెళ్ళారా, గాలికి కొట్టుకుపోయి తగిలారా అని పెద్ద గొడవ నడిచేది. 1947లో థోర్ హెయర్డాల్ అనే నార్వే ఆయన పెరూ నించి తెప్ప మీద 101 రోజులు తేలి పాలినీషియాలోని రరోయా దీవి చేరి, అమెరికా వైపు నించి జనం వచ్చారన్నాడు. 1956లో ఆండ్రూ షార్ప్ అనే ఆయన, పరికరాలు లేకుండా అంత దూరం గురిపెట్టి వెళ్ళి తిరిగిరావడం కుదరని పని అని పుస్తకం రాశాడు. (హెయర్డాల్‌ని పూర్తిగా కొట్టిపారేయలేం, 2020లో వచ్చిన డీఎన్ఏ స్టడీలో 1200 ప్రాంతంలో పాలినీషియన్లకీ దక్షిణ అమెరికా వాళ్ళకీ కలయిక జరిగిందని తేలింది, కానీ దీవులకి జనం వచ్చింది మాత్రం పడమటి నించే.) తమాషా ఏంటంటే 1769లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కిన రాయతేయా దీవి మనిషి తుపాయా 74 దీవులతో మ్యాప్ చెప్పి గీయించాడు, ఓడ ఎక్కడెక్కడ తిరిగినా తాహితి ఎటుందంటే వేలు పెట్టి చూపించేవాడంట. అంత సాక్ష్యం కళ్ళ ముందు ఉండి కూడా రెండొందల ఏళ్ళ తర్వాత కుదరని పని అని పుస్తకాలు రాశారంటే ఏమనాలి.

1973లో హవాయిలో బెన్ ఫిన్నీ, హెర్బ్ కేన్, టామీ హోమ్స్ కలిసి పాలినీషియన్ వాయేజింగ్ సొసైటీ పెట్టి, వాదన ఆపి పడవ కట్టి చూద్దాం అనుకున్నారు. 1975కి హోకులేయా అనే రెండు పొట్టల పడవ నీట్లోకి దిగింది, 62 అడుగులు. పొట్టలు ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్‌తో చేసినవే, ఆ మాట దాచక్కర్లేదు, వాళ్ళు పరీక్షించింది చెక్కని కాదు, ఆ ఆకారం గాలికి ఎలా నడుస్తుంది, దారి ఎలా దొరుకుతుంది అన్నదే. ఆ పేరు స్వాతి నక్షత్రానికి హవాయి వాళ్ళు పెట్టుకున్నది, హవాయి నడినెత్తి మీదుగా వెళ్ళే చుక్క అది. పడవ ఉంది గానీ నడిపే విద్య హవాయిలో ఒక్కడికీ మిగల్లేదు. అప్పుడు సాతావాల్ మావ్‌ని పిలిచారు.

1976 మే 1న మావీ దీవిలోని హొనొలువా బే నించి బయల్దేరారు. తాహితి 4,000 కిలోమీటర్లకి పైనే. ఇది మావ్‌కి అలవాటైన సముద్రం కాదు, కొంత దూరం పోయాక ధ్రువ నక్షత్రం నీటి కిందికి దిగిపోతుంది, ఆయన జీవితమంతా నమ్ముకున్న చుక్క. తూర్పు పడమరలు ఎంత జరిగాం అన్నది కచ్చితమైన గడియారం లేకుండా చుక్కల్ని చూసి తేల్చలేం, ఇది ఏ నావికుడికైనా ఒకటే. అందుకే వీళ్ళు ముందు నించీ కావాలని తూర్పు వైపు, అంటే గాలి వచ్చే వైపు మొగ్గి వెళ్తారు, ఎందుకంటే పడమటికి జారిపోయాక గాలికి ఎదురు తిరిగి రావడం నరకం. తాహితికి ముందు తువామోతు దీవులు వందల మైళ్ళు వరసగా పరిచి ఉంటాయి, ఒక్క చుక్కంత తాహితిని కాదు, ఆ వరసని గురిపెట్టాలి. సరిగ్గా అలాగే ఆ వరసలో మతాయివా దగ్గర తేలారు. జూన్ 4న తాహితి రేవు పపీతెలోకి వెళ్ళేసరికి 17,000 మందికి పైగా జనం ఒడ్డుకొచ్చారు. పడవలో మనుషులతో పాటు కుక్క, పంది, కోళ్ళు కూడా ఉన్నాయి, పాతకాలం వాళ్ళు తీసుకెళ్ళినట్టే.

బయటికి అంతా బాగానే ఉంది గానీ పడవలో సిబ్బంది మధ్య గొడవలు బాగా ముదిరాయి, కొట్టుకున్నారు కూడా. మావ్‌కి అది నచ్చలేదు. తాహితి నించే ఇంటికెళ్ళిపోయాడు, ఇక నా కోసం రావద్దని టేపులో రికార్డ్ చేసి మరీ. తిరుగు ప్రయాణం పరికరాలతో చేసుకున్నారు. ఈ భాగం పండగ వీడియోల్లో రాదు, అందుకే చెప్తున్నా.

1978 మార్చిలో ఆ పడవే హవాయి దగ్గర బోల్తా పడింది, సాయం తెస్తానని సర్ఫ్‌బోర్డ్ మీద వెళ్ళిన ఎడ్డీ ఐకావ్ మళ్ళీ కనపడలేదు, మిగతా వాళ్ళు బతికారు. ఆ తర్వాత నైనోవా థాంప్సన్ అనే హవాయి కుర్రాడు మావ్‌ని వెతుక్కుంటూ వెళ్ళి నేర్పమని అడిగాడు, ఈసారి ఆయన ఒప్పుకున్నాడు. 1980లో నైనోవా నావికుడిగా మళ్ళీ తాహితి. మావ్ పక్కనే కూర్చున్నాడు గానీ నోరు విప్పలేదు, ఒక్కసారి తప్ప. నేల దగ్గరకొస్తున్నారు, పొద్దున్నే ఒక పిట్ట కనపడింది. పొద్దున పిట్ట ఎటు పోతోందో అటు సముద్రం, నేల దాని వెనక అని కదా పాఠం, నైనోవా దీవిని దాటొచ్చేశాం అనుకుని పడవ తిప్పించాడు. మావ్ లేచి, కాదు, మళ్ళీ తిప్పు, పిట్ట పోయే వైపే పో అన్నాడు. కాసేపటికి దీవి కనపడింది. తర్వాత చెప్పాడు, ఆ పిట్ట ముక్కున చేప ఉంది, అది గూట్లో పిల్లలున్న కాలం, పొద్దున్నే మేత తీసుకుని ఇంటికే పోతోంది అని. పాఠం అందరికీ వచ్చు, పిట్ట ముక్కు వైపు చూసింది ఆయనొక్కడే. నన్నడిగితే మావ్ గురించి ఒక్క సంఘటన చెప్పమంటే ఇదే చెప్తా, తాహితి ఒడ్డున జనాన్ని కాదు.

ఈ విద్య బయటివాళ్ళకి చెప్పేది కాదు, వంశంలో, దీక్ష తీసుకున్నవాళ్ళ మధ్య ఉండాల్సింది. హవాయి వాళ్ళకి నేర్పినందుకు సొంత ఊళ్ళో ఆయన మాటలు పడ్డాడు. ఆయన లెక్క సూటిగానే ఉంది, దీవి కుర్రాళ్ళు స్కూళ్ళకి పోతున్నారు, మోటార్ బోట్లు వచ్చాయి, నేర్చుకునే వాడు లేకపోతే దాచుకుని ఏం చేస్తాం అని. 2007లో సాతావాల్‌లోనే నైనోవాతో కలిపి అయిదుగురు హవాయి వాళ్ళకి, ఇంకొంతమంది మైక్రోనేషియా వాళ్ళకి ప్వో దీక్ష ఇచ్చాడు. హవాయి వాళ్ళు అలింగానో మైసు అనే పడవ కట్టి ఆయనకి కానుకగా తెచ్చింది అప్పుడే. 2010 జూలై 12న పోయాడు. ఇప్పుడు కొడుకు సెసారియో సెవ్రలూర్ పలావ్ అనే దీవుల దేశంలో కాలేజీలో ఈ విద్య నేర్పిస్తాడు, ఆ పడవ కెప్టెన్ కూడా ఆయనే. 2021లో యునెస్కో ఈ కరోలిన్ దీవుల (సాతావాల్ ఉన్న దీవుల గుంపు) నావికవిద్యని, పడవల తయారీని వెంటనే కాపాడాల్సిన వాటి జాబితాలో పెట్టింది. హోకులేయా 2014 నించి 2017 దాకా ప్రపంచం చుట్టి వచ్చింది. పేరు ఎక్కువగా హవాయికి వచ్చింది, సాతావాల్ ఫుట్‌నోట్ అయిపోయింది, అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

కామెంట్లలో ఇంకొకరు "జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకు" అన్నారు. ఇప్పటికీ మా పరీక్షల్లో సెక్స్టెంట్ (చుక్కల ఎత్తు కొలిచే పరికరం) ఉంది. అమెరికా నేవల్ అకాడమీ చుక్కల పాఠం ఎత్తేసి 2015లో మళ్ళీ పెట్టింది. ఎర్రసముద్రం, నల్లసముద్రం వైపు జీపీఎస్ స్పూఫింగ్ (దొంగ సిగ్నల్ పంపడం) వల్ల స్క్రీన్ మీద ఓడ ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు చూపించడం ఇప్పుడు మామూలైపోయింది. మన ఉత్తరాంధ్ర తీరంలో తెప్పల మీద వేటకెళ్ళిన పాత జాలరోళ్ళకి కూడా చుక్కలు, గాలి, నీటి వాటం తెలుసు, వాళ్ళని కూర్చోబెట్టి అడిగి రాసినవాళ్ళు మాత్రం తక్కువ.

మీకు నిజంగా చేసి చూడాలనుంటే ఒకటి చెప్తా. మే నెల మధ్యలో రాత్రి 9 గంటల ప్రాంతంలో విశాఖ, భీమిలి వైపు దక్షిణాన సముద్రం కనిపించే చోట నిలబడండి, త్రిశంకు నిటారుగా ఉంటుంది. దాని పై చుక్కకీ కింది చుక్కకీ మధ్య దూరం 6 డిగ్రీలు. హవాయిలో అయితే కింది చుక్కకీ నీటి అంచుకీ మధ్య కూడా సరిగ్గా అంతే దూరం ఉంటుంది, అలా కనిపిస్తే హవాయి అక్షాంశానికి వచ్చేశాం అని నైనోవా వాళ్ళు లెక్కేస్తారు. విశాఖలో అది సుమారు 9 డిగ్రీలు, అంటే ఒకటిన్నర త్రిశంకులు. చేయి చాపి పిడికిలి పట్టుకుంటే పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, దాంతో కొలుచుకోండి. మంచు, మసక లేని రోజు చూసుకోండి, సిటీ లైట్లకి దూరంగా.